తరుగు

పొద్దంత ఎనుమాముల మార్కెట్ల
అడ్తి దుకాణం గుమాస్తాను.
ఆరు దాటినంక
సదయ్య ఆటోకు అర్ధపూట డ్రైవర్ను.
రెండు కొలువుల నడుమ
అంగీ మార్చే తీరిక ఉండదు,
పైనుంచి ఖాకీ ఏసుకుంట, అంతే.

అందుకే నా బండెక్కినోళ్లు తుమ్ముతరు.
మిర్చి ఘాటు సబ్బుకు లొంగదు.
స్టేషన్ కాడ ఎక్కిన అవ్వ
తుమ్మంగనే నా భుజం పట్టుకున్నది:
"జర ఆగి పో బిడ్డా, శకునం మంచిగలేదు."
ఆగిన.
ఆగిన నిమిషానికి మీటర్ లేదు.
ఎనుకున్న షేరింగ్ ఆటో హారన్ కొట్టి
పోచమ్మమైదాన్ కిరాయిలు ముగ్గురిని ఏరుకపోయింది.

లెక్క రాసుడు నాకు అలవాటైన రోగం.
పాత తక్‌పట్టీల ఎనుక రాస్త:
వచ్చింది ఏడు వందల ఎనభై.
సదయ్యకు మూడు వందలు,
బండి తిరిగినా తిరగకున్నా.
గ్యాసు రెండు వందల పది.
నాయుడు పంపు కాడ పంక్చర్, అరవై.
చాయ్ రెండుసార్లు, ఇరవై.
అడ్డా చందా పది.
మిగిలింది నూట ఎనభై.
ఐదు గంటలకు పంచితే
గంటకు ముప్పై ఆరు.
మా యార్డు హమాలీ ఇంటే
మూతికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వుతడు.

ఇంక రాయనివి ఉన్నయ్.
క్లచ్ వైరు తెగిన రాత్రి.
సదయ్య పేరు మీదొచ్చి
నా జేబుల నుంచి పోయే చలాన్.
ఫోన్ల యాప్ పెట్టుకుంటే
కిరాయి తగలకముందే అది కోసుకునే పైసలు.
నడుం.
నడుముకు రేటు ఎట్ల కట్టాలె?
"వాపస్ ఖాళీ" అని ఒక వరుస గీసిన,
దాంట్ల అంకె ఎన్నడూ సరిగ్గ పడలే.

"సొంత బండి తీసుకో బావా,
ఫైనాన్సోళ్లు ఇస్తరు" అంటడు సరోజన తమ్ముడు.
కిస్తీ ఎల్లాలంటే పొద్దంత తిప్పాలె,
పొద్దంత తిప్పాలంటే అడ్తి కొలువు ఇడువాలె,
కొలువు ఇడిస్తే ఫైనాన్సోడు ఇయ్యడు.
గిర్రున తిరిగి
మళ్ల సాయంత్రం ఆరు గంటల కాడికే వస్త.

మొన్న రాత్రి పది దాటింది.
బస్టాండు బయట
ఖాళీ బస్తాల కట్ట చంకల పెట్టుకొని ఒక పెద్దమనిషి.
సంగెం అవతల తండ, ఆఖరి బస్సు పోయింది.
మూడు వందల యాభై అన్న.
బేరమాడలే. ఎక్కిండు. తుమ్మలే.
అప్పుడే అనుమానపడేదుండె,
గా ముక్కుకు నా ఘాటు కొత్త కాదని.

తొవ్వ సగమయినంక అన్నడు:
"పొద్దుగాల నా పట్టీ రాసింది నువ్వే గద సారూ."
అద్దంల చూసిన.
బానోతు హర్జ్యా, పదకొండు బస్తాలు,
తేమ ఉన్నదని రేటు కోత,
ఆపైన నూటికి రెండు తరుగు.
రాత నాదే.
నేనేమనలే. గేరు మార్చిన,
మార్చే పని లేకున్నా.

తండ మొగదల దిగి, బల్బు ఎలుగుల
నోట్లు ఎంచి, చిల్లర ఎంచి
నా అరచేతుల పోసిండు.
మూడు వందల నలభై మూడు.
"ఏడు తక్కువున్నయే?"
"నూటికి రెండు తరుగు సారూ.
తొవ్వల దుమ్ముంటది గద."
నవ్వలే. కోపం గూడ లేదు మొఖంల.
ఎంబటే అడిగిండు, "చాయ్ తాగుతవా?"

ఇరవై కిలోమీటర్లు వాపస్ ఖాళీ.
ఎనుక సీట్ల ఆయన మరిచిపోయిన ఒక బస్తా
గాలికి లేచి కూసుంటున్నది,
బ్రేకు కొడితే పండుకుంటున్నది.
మనిషున్నడనుకొని రెండుసార్లు ఎనుకకు చూసిన.

ఇంట్ల బుగ్గ కింద కూసొని
వచ్చింది రాసి ఆగిన.
ఈ ఏడు రూపాయలు ఏ వరుసల ఎయ్యాలె?
ఖర్చు కాదు.
బాకీ అంటే, ఎవలకు ఎవలు?
పదకొండు బస్తాల తరుగు ఒకపక్క,
ఏడు రూపాయలు ఒకపక్క.
కలం మూతి పెట్టిన.

తెల్లారి గడప దాటుతుంటే నేనే తుమ్మిన.
"కూసో, నీళ్లు తాగి పో" అన్నది సరోజన.
ఆటో తాళం సదయ్య కాడ,
దుకాణం తాళం సేటు కాడ.
చెంబు పట్టుకొని కూసున్న.
ఒక్క నిమిషమో, రెండో,
చూసుకోలే.